ఏ తూటా మంచిది?

"నేలను బట్టి విత్తనం" అంటారు మా నాన్న. చవిటి నేలలో చల్లే గింజ వేరు, ఇసుక నేలలో నాటే మొక్క వేరు. ఏ విత్తనం మంచిదని ఊరికే అడిగితే ఆయన సమాధానం చెప్పరు. "ఏ నేలకు బాబూ?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. తుపాకి తూటాల గురించి రాస్తూ విత్తనాల ముచ్చట ఎందుకని మిత్రులు అనుకోవచ్చు. ఈ వ్యాసం సగం చదివాక ఆ రెంటికీ ఉన్న చుట్టరికం మీకే బోధపడుతుంది.

సంగతేమిటంటే, గత వేసవిలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. ఆఫీసు మిత్రులతో కలిసి మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు నడక యాత్ర వెళ్తున్నారట. అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఆ బృందంలో ఒక అమెరికన్ మిత్రుడికి రివాల్వరు ఉంది. దానికి తూటాలు కొనడానికి అందరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. అక్కడ గోడ నిండా డబ్బాలే! ఒకటి "ఇంటి రక్షణకు", ఒకటి "అడవికి", ఇంకొకటి "గురి అభ్యాసానికి". "నువ్వు ఫిజిక్సు చదువుతున్నావు కదరా తమ్ముడూ! అసలు వీటిలో తేడా ఏమిటి? ఏది మంచిది?" అని అడిగాడు అన్నయ్య.

నాకు తెలిస్తేగా! రెండు రోజులు గడువు అడిగాను. మా ఫిజిక్సు లెక్చరరు గారిని విసిగించి, లైబ్రరీలో కూర్చుని, కాగితం మీద లెక్కలు వేసి అన్నయ్యకు ఒక జవాబు పంపాను. ఆ జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మా ఇంటి కథ కూడా కొంత ఉంది. దానిని చివర చెబుతాను.

తూటా అంటే నాలుగు వస్తువులు

మనం వాడుకలో తూటా, గుండు, బుల్లెట్టు అన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుకొంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలున్నాయి. మొదటిది ఇత్తడి గొట్టం. రెండవది దాని అడుగున ఉండే చిన్న ప్రైమరు. తుపాకి సూది వచ్చి దీనిని పొడిస్తే నిప్పు పుడుతుంది. మూడవది లోపలి మందు. అది భగ్గున మండి వాయువుగా మారుతుంది. నాలుగవది ఆ వాయువు తోస్తే గొట్టంలోంచి దూసుకుపోయే గుండు. మిగిలిన మూడూ తుపాకిలోనో దాని పక్కనో ఉండిపోతాయి. శరీరాన్ని తాకేది గుండు ఒక్కటే.

గుండు బరువును అమెరికాలో ఈనాటికీ గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గింజ. పూర్వం ఒక బార్లీ గింజ ఎత్తు అన్నమాట, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే వాళ్ళు బార్లీ గింజతో సీసం తూచారు. రైతుబిడ్డను కనుక ఈ సంగతి చదివి కొంచెం సంతోషించాను.

క్రికెట్ బంతి, రివాల్వరు గుండు

సినిమాలో తుపాకి పేలగానే దెబ్బ తగిలినవాడు గాలిలో లేచి పది అడుగుల దూరంలో పడతాడు. అన్నయ్య మిత్రులు కూడా ఆ దుకాణంలో "ఏ తూటాకు పడగొట్టే శక్తి ఎక్కువ?" అనే ప్రశ్న మీదనే వాదులాడుకొన్నారట. కనుక మొదట ఈ భ్రమ సంగతి తేలుద్దాం. ఇంటరులో చదువుకున్న రెండు సూత్రాలు చాలు.

ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది. వేగాన్ని వర్గం చేసి, ద్రవ్యరాశితో గుణించి, సగం చేస్తే గతిజ శక్తి వస్తుంది. ఒక వస్తువును తోసి పడెయ్యడానికి కావలసింది ద్రవ్యవేగం.

అమెరికా పిస్తోళ్ళలో ఎక్కువ వాడుకలో ఉన్నది 9 ఎం.ఎం. తూటా. 1902 నాటి జర్మన్ రూపకల్పన. దాని మామూలు గుండు బరువు 115 గ్రెయిన్లు, అంటే సుమారు ఏడున్నర గ్రాములు. వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. లెక్క వేస్తే శక్తి సుమారు 480 జౌళ్ళు, ద్రవ్యవేగం సెకనుకు 2.7 కిలోగ్రామ్ మీటర్లు. దీనికంటె లావైన పాయింట్ 45 గుండు 15 గ్రాముల బరువుంటుంది, వేగం 255 మీటర్లే. దాని శక్తి కూడా సుమారు 480 జౌళ్ళే! ద్రవ్యవేగం మాత్రం 3.8. ఒకటి వేగంతో సంపాదించినదానిని రెండవది బరువుతో సంపాదించింది. ఈ రెండు తూటాల అభిమానులు దశాబ్దాలుగా "నాది గొప్ప, నాది గొప్ప" అని వాదించుకోవడంలో వింతేముంది?

ఇక 1955లో వచ్చిన పాయింట్ 44 మాగ్నం తూటా సంగతి. ఎలుగుబంట్ల అడవికి వెళ్ళే అమెరికన్లు ఎక్కువగా తలచుకొనే పేరిది. గుండు 240 గ్రెయిన్లు, అంటే 15.5 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 410 మీటర్లు. శక్తి 1,300 జౌళ్ళు. ద్రవ్యవేగం సుమారు 6.4.

ఇప్పుడు మన కాలేజీ మైదానానికి రండి. క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. మంచి ఫాస్టు బౌలరు గంటకు 144 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 40 మీటర్ల వేగంతో వేశాడనుకొందాం. ద్రవ్యవేగం ఎంత? సరిగ్గా 6.4! అంటే పేరు గడించిన ఆ మాగ్నం గుండు తోపూ, ఫాస్టు బౌలరు బంతి తోపూ ఒకటేనన్నమాట. బంతి తగిలి బ్యాట్స్‌మన్ గాలిలో ఎగిరి పడడం మీరెప్పుడైనా చూశారా? 60 కిలోల మనిషికి ఆ గుండు తగిలితే లెక్క ప్రకారం అతనికి వచ్చే వేగం సెకనుకు సుమారు 10 సెంటీమీటర్లు. 200 కిలోల ఎలుగుకైతే 3 సెంటీమీటర్లు. ఇది చీమ నడక కాదా!

ఇంకో విధంగా కూడా చెప్పవచ్చు. న్యూటను మూడవ సూత్రం ప్రకారం గుండును ముందుకు తోసిన బలమే తుపాకిని వెనక్కు తోస్తుంది. తగిలినవాణ్ణి పది అడుగులు విసిరే తుపాకి పేల్చినవాణ్ణి కూడా పది అడుగులు వెనక్కు విసరాలి. కనుక "పడగొట్టే శక్తి" అనే మాటను కొట్టివేద్దాము.

మరి తేడా ఎక్కడ?

తోపు ఒకటే అయినప్పుడు బంతికి కమిలిన గాయమూ, గుండుకు ప్రాణాపాయమూ ఎందుకు? దబ్బనంతో గోనెసంచి కుట్టినవారికి ఇది తెలుసు. బంతి దెబ్బ అరచేయంత మేర పంచుకొంటుంది. గుండు దెబ్బ వేలికొసంత చోట పడుతుంది. పైగా మాగ్నం గుండులో శక్తి బంతి శక్తికి పదిరెట్లు. ఆ శక్తితో గుండు లోపలికి దారి చేసుకుంటూ పోతుంది. ఆ దారిలో మెదడో, వెన్నుపామో, గుండెకాయో, పెద్ద రక్తనాళమో ఉంటేనే ఎదురు వచ్చేది ఆగుతుంది. లేకపోతే గాయపడి కూడా ముందుకు వస్తుంది. రక్తం పోయి స్పృహ తప్పడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఒక్కోసారి నిమిషాలే పడుతుంది. అంటే తేల్చేవి రెండే: గుండు ఎంత లోతు వెళ్ళింది, ఎక్కడ తగిలింది.

లోతు దేనిమీద ఆధారపడుతుంది? నీటిలో ఈదేవాడిని నీరు ఆపినట్టే గుండును కండ ఆపుతుంది. గుండు ఎదురు వైశాల్యం ఎంత పెద్దదైతే ఆ అడ్డు అంత ఎక్కువ. బరువు ఎంత ఎక్కువైతే అడ్డును తట్టుకొనే శక్తి అంత ఎక్కువ. కనుక ముఖ్యమైనది బరువుకూ వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి. మామూలు 9 ఎం.ఎం. గుండుకు ఇది చదరపు సెంటీమీటరుకు దాదాపు 12 గ్రాములు. మాగ్నం గుండుకు సుమారు 17. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

విచ్చుకొనే గుండు – డమ్ డమ్ కథ

గుండ్లలో ముఖ్యంగా మూడు జాతులు. సీసం మీద పూర్తిగా రాగి మిశ్రమపు తొడుగు వేసినది మొదటిది. ఇది రూపం మారకుండా దూసుకుపోతుంది. సైన్యాలు వాడేది, గురి అభ్యాసానికి చవకగా దొరికేది ఇదే. రెండవది ముక్కు దగ్గర గుంట తీసినది. శరీరంలోని తడి ఆ గుంటలోకి ఒత్తిడితో దూరి, గుండును జీడిపూవులా కాదు గాని ఉమ్మెత్తపూవులా విచ్చేస్తుంది. మూడవది తగరం, యాంటిమొని కలిపి గట్టిపరచిన సీసంతో పోతపోసినది. దీని ముక్కు చదునుగా ఉంటుంది.

విచ్చుకొనే గుండు కథలో మన దేశపు పేరు ఒకటి ఉంది. కలకత్తా దగ్గరి డమ్ డమ్‌లో బ్రిటిషువారి ఆయుధ కర్మాగారం ఉండేది. 1890ల్లో అక్కడ రైఫిలు గుండుకు ముక్కు దగ్గర తొడుగు తీసి, మెత్తని సీసం బయటికి కనిపించేలా తయారు చేశారు. వాయవ్య సరిహద్దు పోరాటాలలో దానిని వాడారు. ఆ గాయాల సంగతి విని యూరపులో అలజడి పుట్టింది. 1899లో హేగ్ సమావేశంలో, మనిషి శరీరంలో సులభంగా విచ్చుకొనే, చదునయ్యే గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటన చేశారు. బ్రిటను మొదట ఒప్పుకోలేదు, 1907లో చేరింది. ఇంగ్లీషు భాషలో అలాంటి గుండుకు "డమ్‌డమ్" అన్న పేరు అలాగే నిలిచిపోయింది.

యుద్ధంలో నిషేధించిన ఈ జాతినే అమెరికాలో పోలీసులు, ఇంటి రక్షణకు తుపాకి ఉంచుకొనేవారు ఎంచుకొంటారు. ఇది నాకు మొదట విడ్డూరంగా తోచింది. వారు చెప్పే కారణం ఇది. తొడుగు గుండు మనిషిని దాటుకుని గోడవతల ఉన్న పసిపిల్లను తాకవచ్చు. విచ్చుకొనే గుండు తాకినచోటే తన శక్తి ఖర్చుపెట్టి ఆగిపోతుంది. లెక్క చూడండి. 9 మిల్లీమీటర్ల గుండు విచ్చుకొని 15 మిల్లీమీటర్లయితే వైశాల్యం సుమారు 2.8 రెట్లవుతుంది. 12 ఉన్న నిష్పత్తి నాలుగుకు పడిపోతుంది. అడ్డు పెరిగి లోతు తగ్గుతుంది. కారణం సబబే. అయినా ఆ పనిముట్టు దేనికోసం చేసినదో మరిచిపోకూడదని నా మనవి.

లోతు తగ్గడం కూడా ఒక్కోసారి ముప్పే. 1986 ఏప్రిల్ 11న మయామి నగరంలో ఎఫ్.బి.ఐ. వారికీ ఇద్దరు సాయుధ దోపిడీదారులకూ కాల్పులు జరిగాయి. ఒక 9 ఎం.ఎం. గుండు దోపిడీదారు చేతి కండలోంచి రొమ్ములోకి వెళ్ళి గుండెకాయకు కొంచెం ఇవతల ఆగిపోయింది. అతడు ఆ తరువాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. దాని తరువాతనే ఆ సంస్థ తూటాలను జిలాటిన్ దిమ్మెలలో పరీక్షించే పద్ధతి ఏర్పరచుకొంది. 10 శాతం జిలాటిన్‌తో చేసిన దిమ్మె మెత్తదనంలో కండను పోలి ఉంటుంది. గుండు అందులో 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు వెళ్ళాలి. అంతకు తక్కువైతే చాలదు, ఎక్కువైతే వెనకనున్నవారికి ప్రమాదం. దిమ్మె ముందు దళసరి బట్ట కప్పి కూడా పరీక్షిస్తారు. ఎందుకంటే గుంటలో బట్ట పీచు కూరుకుంటే గుండు విచ్చుకోదు.

ఆ తరువాత వారు ఎక్కువ బలమైన 10 ఎం.ఎం. తూటాకు మారారు. అది చెయ్యి అదరగొడుతోందని కొంత తగ్గించి పాయింట్ 40 వాడారు. 2010ల దశకంలో మళ్ళీ 9 ఎం.ఎం.కే వచ్చారు. గుండ్ల తయారీ మెరుగుపడింది, చెయ్యి తక్కువ అదిరే తూటాతో గురి కూడా బాగా కుదురుతుంది. ముప్పయి ఏళ్ళు తిరిగి బయలుదేరినచోటికే చేరారన్నమాట. బలం పెంచితే సరిపోతుందనుకొనేవారికి ఇది మంచి పాఠం.

అడవికి వేరే గింజ

ఇప్పుడు అడవికి వద్దాం. గ్రిజ్లీకి దళసరి చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద రాతిలాంటి కండ, వాలుగా ఉండే గట్టి పుర్రె. నగరంలో మంచిదనిపించుకొన్న విచ్చుకొనే గుండు ఇక్కడ కొవ్వులోనే పూవులా విచ్చి పైపైనే ఆగిపోవచ్చు. కనుక అడవికి విచ్చుకోని, బరువైన, చదును ముక్కు గట్టి సీసపు గుండును ఎంచుకొంటారు. ఇందాకటి 17 అంకె ఇక్కడ అక్కరకు వస్తుంది. అంటే నగరపు సుగుణమే అడవిలో దోషం, అడవి సుగుణమే నగరంలో దోషం. ఒకే తూటా రెండింటికీ పనికిరాదు. నేలను బట్టి విత్తనం!

అయితే బలమైన తూటాకు ఒక వెల ఉంది. మాగ్నం రివాల్వరు బరువు 1.3 కిలోలనుకొందాం. గుండు ద్రవ్యవేగం 6.4 ఒక్కటే లెక్కకు తీసుకొన్నా తుపాకి సెకనుకు దాదాపు 5 మీటర్ల వేగంతో వెనక్కు తన్నుతుంది. వాయువుల తోపు కూడా కలిపితే ఇంకా ఎక్కువ. మొదటి గుండు తరువాత గొట్టం ఆకాశం చూస్తుంది. దానిని దించి మళ్ళీ గురి పెట్టాలి. నెలల తరబడి అభ్యాసం లేనివాడికి ఆ రెండవ గుండు దక్కదు.

ఎంత సమయం ఉంటుంది? గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. సెకనుకు 15 మీటర్లకు పైమాటే. 30 మీటర్ల దూరంలోని పొదలోంచి అది బయలుదేరితే మనకు దొరికేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో తుపాకి తీసి, వణికే చేత్తో, ఎగిరెగిరి వచ్చే తలకాయను గురి చూడాలి. ఇక్కడ తూటాల డబ్బా మీద రాసిన జౌళ్ళ అంకెకు విలువెంత?

మన మిరపకాయ ఘనత

అన్నయ్యకు జవాబు రాస్తుండగా నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇది. అలాస్కాలో ఎలుగు దాడులను పరిశోధకులు పాత రికార్డుల నుంచి లెక్కించారు. తుపాకి వాడిన 269 సంఘటనలు, 1883 నుంచి 2009 వరకు జరిగినవి, 2012లో ప్రచురించారు. చేతి తుపాకులు 84 శాతం, పొడుగు తుపాకులు 76 శాతం సందర్భాలలో ఎలుగును ఆపాయి. కాని తుపాకి ఉండి కాల్చినవారికీ కాల్చనివారికీ గాయాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకు ముందు 2008లో ఎలుగు స్ప్రే మీద ఇలాంటి లెక్కే ప్రచురించారు. 1985 నుంచి 2006 వరకు 83 సంఘటనలు. గోధుమరంగు ఎలుగుల విషయంలో 92 శాతం స్ప్రే పనిచేసింది. దగ్గరగా ఎలుగు ఎదురైనవారిలో స్ప్రే చేత ఉన్న 98 శాతం మందికి గాయమే కాలేదు.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి పందెం కాయడం సరికాదు. స్ప్రే కథలలో చాలావాటిలో ఎలుగు కోపంతో రాలేదు, తిండి వాసనకు వచ్చింది. తుపాకి కథలలో ముదిరిన దాడులే ఎక్కువగా రికార్డుకు ఎక్కి ఉండవచ్చు. సైన్సు విద్యార్థిగా ఈ జాగ్రత్త చెప్పక తప్పదు. అయినా ఒక్క మాట నిలుస్తుంది. స్ప్రేకు సూది మొన గురి అక్కరలేదు. అది ఎదుట ఒక మబ్బులా కమ్ముకొంటుంది, ఎలుగు దానిలోకే పరిగెత్తి వస్తుంది.

ఇంతకూ ఆ డబ్బాలో ఉన్నదేమిటి? క్యాప్సైసిన్ జాతి పదార్థాలు. మన మిరపకాయ ఘాటు! గుంటూరు యార్డులో బస్తాలు దించేవారిని దగ్గించేదే అమెరికా అడవిలో గ్రిజ్లీని వెనక్కు తిప్పుతోంది. ఎలుగు ముక్కు మన ముక్కు కంటె ఎన్నో రెట్లు చురుకు కదా! కళ్ళు మూసుకుపోతాయి, ఊపిరి ఆడదు. కాసేపటికి ఎలుగు తేరుకొంటుంది. ఎలుగూ బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. గాలి ఎదురుగా వీస్తే మాత్రం ఆ ఘాటు మనకే తగులుతుంది. దోమల మందులా ఒంటికీ గుడారానికీ పూసుకోకూడదు. సంచి అడుగున కాకుండా నడుముకు తగిలించుకోవాలి.

చట్టం సంగతి

మన కాలేజీ నుంచి అమెరికా వెళ్ళే మిత్రులు ఏటా ఉంటున్నారు కనుక ఒక హెచ్చరిక. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం చదువు వీసా, ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, ఒక్క తూటా గాని దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. "దుకాణంలో అమ్ముతున్నారు, స్నేహితుడు నా సంచిలో వేశాడు" అంటే కుదరదు. ఉద్యోగ వీసా మీద ఉన్న మా అన్నయ్యకు నేను మొదటి వాక్యంగా రాసింది ఇదే.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ, తూటా రెండూ కుదరవు. 9 ఎం.ఎం. పౌరులకు నిషిద్ధమైన కొలత. సాధారణంగా దొరికేది పాయింట్ 32 రివాల్వరు. దాని గుండు ఆరు గ్రాముల పైచిలుకు, వేగం 215 మీటర్లు, శక్తి 150 జౌళ్ళకు లోపే. ఇది మన ఫాస్టు బౌలరు బంతి శక్తికి కాస్త ఎక్కువ, అంతే. పంటల కాపుదలకు మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూలులో ఉంచింది. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపవలసివస్తే నేరం కాదు. పంట తింటోందని చంపితే నేరం.

మా తోట

ఇక మా ఇంటి కథ. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోట, కొబ్బరి, పెరట్లో పనస. జీడిపళ్ళూ పనసపళ్ళూ పండే రోజుల్లో ఎలుగులు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసిన వార్త మీరూ పేపర్లో చూసి ఉంటారు. ఆ కాలంలోనే ఒకనాడు మా చిన్నాన్న తెల్లవారకుండా జీడిపిక్కలు ఏరడానికి ఒంటరిగా వెళ్ళాడు. వంగి ఏరుతూ తల ఎత్తేసరికి చెట్టు అవతల ఎలుగు. రెండింటి మధ్యా మూడు బారలు లేదు. భుజం చీరింది, చెంప చీరింది. పక్క తోటవాళ్ళు కేకలు వేసి డబ్బా వాయిస్తే పోయింది. చిన్నాన్న మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఈనాటికీ కుడి చెయ్యి భుజం పైకి లేవదు.

ఆ రోజుల్లో మా వీధి అరుగు మీద ఒకటే మాట: "తుపాకి ఉంటే ఇలా జరిగేదా?" నేనూ అలాగే అనుకొన్నాను. చెప్పొద్దూ, కోపంతో నిద్రపట్టేది కాదు. ఈ వ్యాసం కోసం లెక్కలు వేసిన రాత్రి ఆ మూడు బారల దూరాన్ని కూడా కాగితం మీద వేశాను. అర సెకను కూడా రాలేదు. ఏ తూటా అయితేనేం, ఏ కొలత అయితేనేం, వంగి పిక్కలు ఏరుతున్న మనిషి అర సెకనులో ఏం చెయ్యగలడు? ఆ ఉదయం చిన్నాన్నకు లేనిది తుపాకి కాదు, తోడు. టార్చిలైటు. ముందుగా చేసే చప్పుడు.

ఇప్పుడు మా తోటలవాళ్ళు నలుగురైదుగురు కలిసి, పొద్దు బాగా ఎక్కాక వెళ్తున్నారు. దారిపొడవునా గట్టిగా మాట్లాడుకొంటారు, డబ్బా కొడతారు. రాలిన పండ్లను ఇళ్ళ దగ్గర కుళ్ళనివ్వడం లేదు. గ్లేసియర్ పార్కులో నడిచేవారికి అక్కడి వనాధికారులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. గుంపుగా నడవండి, చప్పుడు చెయ్యండి, తిండి బయట పెట్టకండి, చేతికందేలా స్ప్రే ఉంచుకోండి. సముద్రాల అవతలా ఇవతలా ఎలుగు నీతి ఒకటే.

అన్నయ్య స్ప్రే డబ్బా నడుముకు కట్టుకుని యాత్ర చేసి వచ్చాడు. అతని మిత్రుడు గట్టి సీసపు గుండ్లు కొన్నాడు. మూడు రోజుల్లో ఒకే ఒక్క ఎలుగు, అదీ అవతలి కొండ మీద కనిపించిందట. రెండూ వాడకుండానే తిరిగి వచ్చారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ వ్యాసం చిన్నాన్నకు చదివి వినిపించాను. క్రికెట్ బంతి లెక్క విని నవ్వాడు. చివరంటా విని, ఎడమచేత్తో చెంప మీది మచ్చ తడుముకొని, "నీ లెక్కలన్నీ బాగున్నాయి గాని బాబూ, ఆ రోజు అది కూడా నన్ను చూసి అదిరిపోయినట్టుంది" అన్నాడు.

ఆ మాట నా లెక్కల్లో లేదు. కాని ఏ తూటా మంచిదని నన్నెవరైనా మళ్ళీ అడిగితే, ముందుగా ఆ మాటే చెబుతాను.

— బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి